ఆయిల్ చాంబర్

రాత్రి జీపు కింద పరిచిన అట్ట మీద తెల్లారేసరికి అరచేయంత నల్లటి మరక ఉంటోంది. వారానికి లీటరు ఇంజనాయిల్ పోయాల్సి వస్తోంది. గోదావరిఖని చౌరస్తా నుంచి మంథనికి ప్యాసింజర్లను తిప్పే పాత జీపు అది. దాని మీద వచ్చేదే అంతంతమాత్రం.

కొడుకు రోడ్డు పక్క మెకానిక్కు దగ్గరికి పోయాడు. మెకానిక్కు జీపు కింద దూరి ఆయిల్ చాంబర్ బోల్టులు బిగించాడు. కారడం వారం రోజులు ఆగింది. మళ్ళీ పోతే మళ్ళీ బిగించాడు. ఈసారి మర్నాడే కారింది. మూడోసారి పోయేసరికి, చాంబర్ వంకరపోయింది, కొత్తది వెయ్యాల్సిందేనన్నాడు.

"కొత్తదే ఏసుకుందాం బాపూ. పాతదానితోని ఎన్ని రోజులు ఎల్లదీస్తం?" అన్నాడు కొడుకు ఇంటికొచ్చి.

"ఇప్పి సూడకుంట కొత్తదెందుకురా? ఐతారం రానియ్" అన్నాడు తండ్రి.

తండ్రి సింగరేణి ఓపెన్‌కాస్టు వర్క్‌షాపులో ఫిట్టరు. 60 టన్నుల డంపర్లు, 100 టన్నుల డంపర్లు ఆయన చేతుల మీదుగానే బాగుపడి క్వారీలోకి పోతాయి. 58 ఏళ్ళు నిండి ఎనిమిది నెలలైంది. 61కి దిగిపోతాడు. ఎయిట్ ఇంక్లైన్ కాలనీలో కంపెనీ క్వార్టరు. కొడుక్కి 36 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. జీపు కొన్నది తండ్రి పీఎఫ్ లోనుతోనే.

ఆ ఆదివారం ఆయన ప్లే డే డ్యూటీ వదులుకున్నాడు. ప్లే డే అంటే రెట్టింపు జీతం. సింగరేణిలో ఊరికే వదులుకునేవాళ్ళు ఉండరు.

మొదట చాంబర్ జోలికి పోలేదు. ఇంజన్‌లో ఆయిల్ ఎక్కడ కారినా కిందికే వస్తుంది. పైన టాపెట్ కవర్ దగ్గర కారిందీ చివరికి చాంబర్ మీది నుంచే బొట్లుబొట్లుగా పడుతుంది. అందుకని ఇంజన్‌ను డీజిల్ గుడ్డతో తుడిచి ఆరబెట్టాడు. ఇంట్లోకి పోయి భార్య పౌడరు డబ్బా తెచ్చాడు. ఇంజన్ పక్కల్లో, చాంబర్ అంచు పొడుగునా పౌడరు చల్లి జీపును చౌరస్తా దాకా నడిపించుకొచ్చాడు. బానెట్ ఎత్తి చూస్తే పైనంతా తెల్లగా పొడిగా ఉంది. చాంబర్ అంచు మీద మాత్రం రెండుచోట్ల పౌడరు తడిసి నల్లబడింది.

"చాంబరే" అన్నాడు. తర్వాత, "నాలుగో టాపెట్ గూడ కొట్టుకుంటంది, ఇన్నవా?" అన్నాడు.

కొడుకు వినలేదు. రోజూ తోలే బండే.

"నీకు గంత మంచిగ ఇనబడ్తదా బాపూ?"

"ఎందుకినబడదురా?"

ఆయిల్ దింపడానికి ప్లగ్గు విప్పి కింద బకెట్టు పెట్టారు. ఆయిల్ దిగేదాకా ఇద్దరూ వేపచెట్టు కింద కూర్చున్నారు. ఎదురు క్వార్టరు నుంచి మిఠాయి డబ్బా వచ్చింది. ఆ ఇంటాయన ముప్పై ఏళ్ళు భూగర్భ గనిలో పనిచేసిన మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కొత్తగూడెంలో మెడికల్ బోర్డు చూసి ఇక పని చేయలేడని తేల్చింది. అట్లా అన్‌ఫిట్ అయినవాళ్ళ ఇంట్లో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగమిస్తారు. దిగిపోయే మనిషికి కనీసం రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండాలి. వచ్చేవాడి వయసు 35 దాటకూడదన్న హద్దును 2024లో 40కి పెంచారు. ఆ ఇంటి కొడుక్కి ఆర్డరొచ్చింది. మిఠాయి అందుకు.

"పాపం, మెట్లెక్కనీకె గూడ అయితలేదు ఆయనకు" అన్నాడు తండ్రి.

"ఆయనకెంత సర్వీసుండె?" అన్నాడు కొడుకు.

"మూడేండ్లు."

బకెట్టులో ధార సన్నబడింది. తండ్రి లేచి జీపు కింద దూరాడు. పదో నంబరు పానాతో ఒక్కొక్క బోల్టే విప్పాడు. కొడుకు కిందికి వంగి చూస్తున్నాడు.

"మోకాళ్ళు నొస్తలేవా బాపూ?"

"డంపర్ కింద పడుకున్నోనికి జీపొక లెక్కనా?"

చాంబర్ కిందికి దిగింది. రేకు చాంబర్. పాత ప్యాకింగ్ ముక్కలన్నీ గీకి, డీజిల్‌తో కడిగి ఇంట్లోకి తీసుకుపోయాడు. కిటికీ అద్దం పలక ఒకటి నేల మీద పరిచాడు. దాని మీద టార్చి వెలిగించి పెట్టి, పైన చాంబర్‌ను బోర్లించాడు. తలుపు వేసి, కిటికీకి దుప్పటి కట్టాడు.

చీకట్లో చాంబర్ అంచు చుట్టూ వెలుగు కనబడింది. అంతటా కాదు. బోల్టు చిల్లులున్న చోట చీకటి. చిల్లుకీ చిల్లుకీ మధ్య సన్నటి వెలుగు గీత. ఆయిల్ వచ్చే దారులన్నీ అవే. మెకానిక్కు బిగించినప్పుడల్లా చిల్లు చుట్టూ రేకు ఇంజన్ వైపు ఉబ్బింది. ఉబ్బిన చోటు ఇంజన్‌కు ఆనింది, మధ్యలో సందు పడింది. కారుతోందని ఇంకా బిగించాడు, ఇంకా ఉబ్బింది. కారే చాంబర్లు సగం పాడయ్యేది ఈ బిగింపుతోనే.

"ఆ మూలకు సూడు. ఎంట్రుకంత సందున్నది" అన్నాడు తండ్రి.

కొడుకు మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు చికిలించి చూశాడు. కనబడలేదు. తండ్రి స్టీలు స్కేలు ఆనించి, ఫీలర్ గేజ్ ఆకు ఒకటి అక్కడే దూర్చి చూపించాడు.

"అద్దాలు లేకుంటనే కనబడ్తదా నీకు?"

"దగ్గరియి అన్నీ కనబడ్తయి."

వాకిట్లో ఇనుపదిమ్మె మీద చాంబర్ అంచు ఆనించి, ఉబ్బిన ఒక్కో చిల్లు చుట్టూ చిన్న సుత్తితో తట్టాడు. గట్టిగా ఒక్క దెబ్బా వెయ్యలేదు. కాసేపు తట్టడం, లోపలికి తెచ్చి అద్దం మీద పెట్టి చూడడం, మళ్ళీ బయటికి. అన్నానికి పిలిచినా లేవలేదు. పొద్దు వాలే వేళకు టార్చి వెలుగుతూనే ఉంది గానీ చాంబర్ చుట్టూ ఒక్క గీతా లేదు.

"అయిందా?"

"ఇది కరాబు కాలేదురా. మస్తు బిగిచ్చిన్రు, అంతే."

కొత్త ప్యాకింగ్ వేసి, పేస్టు పలచగా పూసి చాంబర్ ఎక్కించాడు. బోల్టులన్నీ ముందు చేత్తోనే పట్టించాడు. తర్వాత నడుమ నుంచి చివరలకు, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటిగా పానా తిప్పాడు. పానాను కొసన పట్టుకోలేదు. తల దగ్గర రెండు వేళ్ళతో పట్టుకున్నాడు, బలం ఎక్కువ పడకుండా. పేస్టు ఆరేదాకా ఆ రాత్రి ఆయిల్ పోయనివ్వలేదు.

సోమవారం తెల్లారి ఆయిల్ పోసి, ఎప్పటిలాగే ఏడింటికల్లా మస్టరు పడేలా డ్యూటీకి పోయాడు. కొడుకు మంథనికి మూడు ట్రిప్పులు కొట్టాడు. రాత్రి జీపు కింద కొత్త అట్ట పరిచారు.

మంగళవారం తెల్లారి తండ్రి అట్ట బయటికి లాగాడు. పొడిగా ఉంది. కొడుకు జీపు కింద చెయ్యి పెట్టి అంచంతా తడిమాడు. వేలికి ఏమీ అంటలేదు.

"కొత్తదాని పైసలు మిగిలిచ్చినవ్ బాపూ!"

తండ్రి నవ్వాడు. కొడుకు ఇంట్లోకి పోయి ఒక కాగితం, పెన్ను పట్టుకొచ్చాడు.

"దీని మీద ఒక సంతకం పెట్టు."

మెడికల్ బోర్డుకు దరఖాస్తు. అన్నీ నింపే ఉన్నాయి. మోకాళ్ళు పట్టేసి వంగలేకపోతున్నానని, చూపు ఆనడం లేదని, చెవులు వినబడడం లేదని. తండ్రి అద్దాలు లేకుండానే మొత్తం చదివాడు.

"నేను మంచిగనే ఉన్న గదరా?"

"ఉన్నవ్ బాపూ. ఇంక నాలుగు నెలలైతే నీ సర్వీసు రెండేండ్లకు తక్కువైతది. అప్పుడు నువ్వు నిజంగ అన్‌ఫిట్ అయినా నాకు నౌకరి రాదు."