ముందొచ్చిన గంట

మాటకూ పెదవికీ పొత్తు కుదరకపోతే టీవీ చూడబుద్ధి కాదు. సౌండ్‌బార్ పెట్టుకున్న ఇళ్లలో ఈ బాధ తరచూ వింటుంటాం. బొమ్మను సరిచేసి తెర మీదికి తేవడానికి టీవీకి కాస్త సమయం పడుతుంది. ఆలోపే శబ్దం స్పీకరుకు చేరిపోతుంది. అందుకే సెట్టింగుల్లో ‘ఏవీ సింక్’ అని ఒకటి ఉంచారు. అది శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆపి బొమ్మతో పాటు వదులుతుంది.

2025 మే నెలలో కాళేశ్వరంలో మా బావ ఇంట్లో వచ్చిన తంటా మాత్రం దానికి లొంగలేదు.

అవి సరస్వతీ పుష్కరాలు. బృహస్పతి మిథునంలోకి వచ్చినప్పుడు, 12 ఏళ్లకొకసారి. ఆ ఏడు మే 15 నుంచి 26 దాకా జరిగాయి. కాళేశ్వరంలో గోదావరి, ప్రాణహిత కంటికి కనిపిస్తాయి, సరస్వతి అంతర్వాహిని. రోజూ పొద్దుగూకే వేళ కాశీ పండితులు నదికి హారతి ఇచ్చేవారు. ఇసుక వేస్తే రాలనంత జనం. అత్తమ్మకేమో మోకాళ్ల నొప్పులు. “గంత మందిల నిన్ను యాడ తీస్కపోను అవ్వా, ఇంట్లనే మంచిగ సూడు” అని బావ 55 అంగుళాల టీవీ, సౌండ్‌బార్ తెచ్చి ముందుగదిలో బిగించాడు. తల్లి మీద ప్రేమతోనే తెచ్చాడు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

హారతి లైవ్ మొదలైంది. గంట మోగిన కాసేపటికి గానీ తెర మీద పంతులు చెయ్యి కదలడం లేదు. కదిలినప్పుడు మళ్లీ గంట. బావకు చిరాకెత్తి మెకానిక్ పిలగాడిని పిలిపించాడు.

పని తెలిసినవాడు. కొత్త సామాను కొనమనకుండా తప్పెక్కడుందో వెతికే ఇలాంటి పిల్లలంటే నాకు గౌరవం. టీవీ వెనక్కి చెయ్యి పెట్టి, సౌండ్‌బార్ వైరు ‘ఏఆర్‌సీ’ అని రాసివున్న హెచ్‌డీఎంఐలోనే ఉందా లేదా అని తడిమి చూశాడు. ఏవీ సింక్ అంకెను చివరిదాకా జరిపాడు. వెనకటి గంట ఇంకాస్త వెనక్కి పోయింది గానీ, ముందటిది ముందే మోగింది. సౌండ్‌బార్ తీసేసి టీవీ స్పీకర్లు పెట్టాడు. అదే వరస. చివరికి రిమోట్ అందుకుని మ్యూట్ నొక్కాడు.

గంట మోగుతూనే ఉంది.

పిలగాడు లేచి కిటికీ పరదా పక్కకు లాగాడు. “ఇది టీవీల గంట కాదన్నా. ఘాటు మీది గంట.”

ఒడ్డు మీది శబ్దం గాలిలో సెకనుకు 340 మీటర్ల చొప్పున నేరుగా ఇంట్లోకి వచ్చేస్తోంది. తెర మీది బొమ్మ మాత్రం 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహానికి ఎక్కి, చానల్‌కు దిగి, మళ్లీ పైకెక్కి డిష్‌లో పడాలి. మధ్యలో దాన్ని కుదించడం, విప్పడం. ఆ సెకన్ల ఆలస్యాన్ని ఇంట్లో ఏ రిమోటూ తీర్చలేదు.

బావ మొహం విప్పారింది. “గంతేనా! అయితె ఆ కిటికీ మూసెయ్ తమ్మీ.”

అత్తమ్మ చేతికర్ర అందుకుంది. “జర ఆగు కొడుకా. నన్ను అవుతలికి తోలి మూయుండ్రి.”

ఘాటుకు ఆ ఇంటి నుంచి నడక అయిదు నిమిషాలు.