భీమిలిలో ఉండిపోయిన పెట్టెను

నేను సూట్‌కేసును. ముదురు నీలం రంగు, నాలుగు చక్రాలు. నన్ను కొన్నావిడ అమెరికాలో రిటైరైన నర్సు. మొక్కజొన్న చేల నడుమ చిన్న ఊరు వాళ్ళది. ఆ ఊరి కతోలిక విచారణకు, అంటే పారిష్‌కు, గురువు మన తెలుగు ఫాదరే. గురువిద్యకు వచ్చే యువకులు తగ్గిపోయిన అమెరికా మేత్రాసనాలు ఎంతోకాలంగా మన వైపు నుంచి గురువులను పిలుచుకుంటున్నాయి. మన పల్లెల్లో పుట్టినవాళ్ళు అక్కడి మంచులో కారు నడుపుకుంటూ వెళ్ళి పూజ చేస్తున్నారు, పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇస్తున్నారు, అవసానంలో ఉన్నవాళ్ళకు అభ్యంగనం ఇస్తున్నారు.

ఆ ఫాదర్‌గారు ఒకసారి మా విశాఖ వైపు, భీమిలి వచ్చి చూడండి అన్నారు. ఆవిడతో పాటు ఇంకొందరు వస్తామని పేర్లిచ్చారు, ఒక బృందం తయారైంది. 2014 జనవరిలో, క్రిస్మస్ సందడి తగ్గాక ప్రయాణం.

మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు దాటకూడదు. ఒకటి సొంత బట్టలకు, ఇంకొకటి గుడి తరఫున. నేను గుడి పెట్టెను. విచారణ జనం తెచ్చి పోసినవన్నీ నాలో సర్దారు. టూత్‌బ్రష్‌లు, సబ్బులు, జ్వరం మాత్రలు, దగ్గుమందు సీసాలు, గాలి తీసిన ఫుట్‌బాళ్ళు, గుడి పేరు అచ్చేసిన టీషర్టులు, ఒక డబ్బా నిండా దగ్గరి చూపు కళ్ళద్దాలు. ఒక సబ్బుకు చిన్నపిల్ల చేతిరాతతో చీటీ అంటించి ఉంది. ప్రతి వస్తువునూ ఎవరో ఒకరు ప్రేమగానే కొన్నారు. ఆ ప్రేమను మోసినదాన్ని కాబట్టి, దాన్ని తేలిక చేసి మాట్లాడితే నేను ఒప్పుకోను. కానీ అంతమందిలో ఒక్కరూ భీమిలికి ఫోన్ చేసి మీకేం కావాలని అడగలేదు.

విశాఖ నుంచి సముద్రం వారనే వ్యాను. రుషికొండ, తొట్లకొండ దాటి, ఎర్రమట్టి దిబ్బల పక్కనుంచి భీమిలి. గుడి దగ్గర డప్పులు, బంతిపూల దండలు, కొబ్బరి బొండాలు. ఆ సాయంత్రమే సిస్టర్ల ఇంటి అరుగు మీద నన్ను తెరిచారు.

మందుల పని చూసే పెద్ద సిస్టరమ్మ మాత్రల డబ్బాలు ఒక్కొక్కటే దీపం దగ్గర పట్టి చదివింది. "ఫాదర్, ఇవి మన బజారులో ఇంతకన్నా చౌకగా దొరుకుతాయి. పేర్లు వేరు, డోసులు వేరు. ఎవరికి ఏం చెప్పి ఇమ్మంటారు?" అంది. అమెరికాలో అమ్మే జనరిక్ మాత్రల్లో పెద్ద వాటా మన దేశంలో తయారయ్యేదే. విశాఖ పక్కన పరవాడలో ఏకంగా ఒక ఫార్మాసిటీ ఉంది. మన దేశంలో నమోదు కాని డాక్టర్లూ నర్సులూ ఇక్కడ వైద్యం చేయడానికి చట్టం ఒప్పుకోదు. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్ళు మతబోధ చేయకూడదు. దానికి మిషనరీ వీసా వేరే ఉంది. ఫాదర్‌గారు ఇవన్నీ తెలియజెప్తుంటే నర్సమ్మ ముఖం చిన్నబోయింది. జీవితమంతా రోగుల మధ్య గడిపిన మనిషి. సిస్టరమ్మ చూసి, "రామ్మా, నా పక్కన కూర్చో. వచ్చినవాళ్ళ పేర్లు రాద్దువుగాని" అని ఒక కుర్చీ లాగింది.

బడి గోడకు రంగు వేస్తామని బృందం ముందే అనుకుంది. ఆ ఊళ్ళో రంగులేసి బతికే మేస్త్రి ఉన్నాడు. వీళ్ళు ఊరికే వేసేస్తే అతని కూలి పోతుంది. సిస్టరమ్మ అతణ్ణి పిలిపించి, కూలి మాట్లాడి, వీళ్ళను అతని చేతికింద పెట్టింది. పాత పెచ్చులు గీకడం, పుట్టీ పట్టించడం, ఆరాక అరగదీయడం మేస్త్రి చేసి చూపించాడు. అమెరికాలో బ్యాంకు నడిపిన పెద్దమనిషి గీకిన గోడనే మళ్ళీ గీకాడు, మేస్త్రి ఒప్పుకునేదాకా.

ఇక కళ్ళద్దాల సంగతి. నాలో వచ్చినవాటిలో నిజంగా పనికొచ్చినవి అవే. నలభై దాటితే చత్వారం అందరికీ వస్తుంది. గుమాస్తాకు అక్షరం కనపడనట్టే జాలరికి వల కన్ను కనపడదు. వల అల్లడంలో పేరున్న ఒక తాత వలసూది మనవడికి అప్పజెప్పి ఊరికే కూర్చుంటున్నాడు. నర్సమ్మ ఒకటి తీసి ఒకటి పెట్టి చూపిస్తుంటే మూడో జత దగ్గర ఆగిపోయాడు. "ఓలమ్మా, కన్ను కన్నూ అగుపడతంది గదే!" అన్నాడు. మనవడి చేతిలో సూది లాక్కున్నాడు. ఆ మధ్యాహ్నం అరుగు నిండింది.

ఒక ముసలమ్మకు మాత్రం ఏ అద్దమూ కుదరలేదు. ఎన్ని మార్చినా "మబ్బుగానే ఉంది తల్లీ" అంటుంది. శుక్లాలని సిస్టరమ్మ అనుమానించింది. మర్నాడు ఆవిణ్ణి హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అమెరికాలో పనిచేసి తిరిగొచ్చిన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన సంస్థకు విశాఖ శాఖ అది. డబ్బు పెట్టుకోలేనివాళ్ళకు ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. నర్సమ్మ వెంట వెళ్ళి ఆ హాల్లో ముసలమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ చేసిన వైద్యం అంతే, నా లెక్కలో అది చిన్నది కాదు.

తిరిగి వెళ్ళే ముందు ఫాదర్‌గారు వాళ్ళను హాలండర్స్ గ్రీన్‌కు తీసుకెళ్ళారు. 17వ శతాబ్దంలో వ్యాపారానికి వచ్చి, 1825లో ఈ ఊరిని ఇంగ్లీషువాళ్ళకు అప్పగించి వెళ్ళిన డచ్చివాళ్ళ సమాధులు అక్కడున్నాయి. అక్కడ విన్నవి ఆ రాత్రి నా పక్కనే కూర్చుని మళ్ళీ చెప్పుకున్నారు. 1845లో ఆల్ప్స్ కొండల దగ్గరి అనేసీ నుంచి పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ సభ గురువులు నలుగురు, సహోదరులు ఇద్దరు ఓడెక్కారు. సూయజ్ కాలువ ఇంకా లేదు. 1846లో విశాఖ చేరారు. 1849లో అనేసీ నుంచే పునీత జోజప్ప సభ సిస్టర్లు యానాంలో దిగారు. వాళ్ళెవరి దగ్గరా తిరుగు టికెట్ లేదు. తెలుగు నేర్చుకున్నారు. మొదటి ఆరుగురిలో ఒకడైన జాన్ మారీ తిస్సో 1886లో విశాఖ మేత్రాసనానికి తొలి బిషప్ అయ్యాడు. ఫాదర్‌గారు ఇంకొకరి మాటా ఎత్తారు. ఇవాన్ ఇలిచ్ అని కతోలిక గురువు, 1968లో మెక్సికోలో సేవ చేయబోయే అమెరికన్ విద్యార్థుల ముఖం మీదే చెప్పాడట: చూడటానికి రండి, నేర్చుకోవడానికి రండి, సాయం చేయడానికి మాత్రం రావద్దు. ఎవరూ కాసేపు మాట్లాడలేదు.

ఇలిచ్ మాటలో సగం నాకు సమ్మతమే. మాత్రల గతి చూశాను గదా. మిగతా సగానికి జవాబు అక్టోబరులో దొరికింది.

వాళ్ళు వెళ్తూ నన్ను ఇక్కడే వదిలేశారు. 2014 అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. ముందు రాత్రే సిస్టరమ్మ గుడి జ్ఞానస్నానాల రిజిస్టర్లు, పెళ్ళిళ్ళ రిజిస్టర్లు నాలో పెట్టి, మూత బిగించి, బీరువా మీదికి ఎక్కించింది. గదిలోకి నీళ్ళొచ్చాయి, కప్పు రేకులు లేచిపోయాయి. నాలోని ఒక్క పేజీ తడవలేదు. బయట పడవలు పగిలాయి, వలలు కొట్టుకుపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు.

ఫోన్లు పలికిన రోజు మొదటి పిలుపుల్లో ఒకటి నర్సమ్మది. సామాను పంపుతామనలేదు. "ఏం కావాలి?" అని అడిగింది. వల తాత ఎలా ఉన్నాడని పేరు పెట్టి అడిగింది. "రేకులు, వలలు. ఇక్కడే కొనుక్కుంటాం" అని సిస్టరమ్మ చెప్పింది. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన ఖాతాకే వాళ్ళు డబ్బు పంపారు. ఇక్కడి కొట్లలో సరుకు కొన్నారు, ఇక్కడి వడ్రంగులు పని చేశారు. జనవరిలో అరుగు మీద పేర్లు రాసుకున్న మనిషి కాబట్టే అక్టోబరులో అడగగలిగింది. వారం పది రోజుల యాత్రకు నేను చూసిన ఫలం అది.

ఇప్పుడు రాకపోకలు రెండు వైపులా సాగుతున్నాయి. కర్నూలు జిల్లాలో పుట్టి, చికాగో లొయోలా విశ్వవిద్యాలయంలోనూ చదివిన పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు, తెలుగువారిలో మొదటివారు. డల్లాస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ మన కుటుంబాలు సెలవులకొచ్చినప్పుడు సొంత ఊరి గుడికని, బడికని పెట్టెలు నింపుకొస్తున్నాయి. వాళ్ళకు నాదొక మనవి. దుకాణానికి వెళ్ళేముందు ఇక్కడికొక ఫోన్ చేయండి. పొద్దున పూజ అయ్యాక సిస్టర్లు దొరుకుతారు. ఏం కావాలో వాళ్ళకు తెలుసు.