అడ్డంగా ఎక్కేవాడు

దసరాకు సింగరేణి కాలనీలకు రెండు వస్తాయి: లాభాల బోనస్, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు. బోనస్ చడీచప్పుడు లేకుండా ఖాతాలో పడుతుంది. కొడుకు మాత్రం వీపున పరుపు కట్టుకుని మంచిర్యాల స్టేషన్‌లో దిగుతాడు. ఆ పరుపు పడుకోవడానికి కాదు, పడటానికి.

శ్రీరాంపూర్‌లో మా క్వార్టర్ల లైను ఇతనికి 'అడ్డమాయన' అని పేరు పెట్టింది. అడ్డంగా మాట్లాడేవాళ్ళను, అడ్డంగా దొరికిపోయేవాళ్ళను చాలామందిని చూశాం గానీ, గుండును అడ్డంగా ఎక్కేవాణ్ణి చూడటం ఇదే మొదలు. దీన్ని ట్రావర్స్ అంటారట. గుండును ఈ కొసన పట్టుకుని, నేలకు మూడడుగుల ఎత్తులోనే బల్లిలా పాకుతూ ఆ కొసన తేలాలి. కాలు నేలకు తగిలిందా, మళ్ళీ మొదటికే. చిన్నప్పుడు మేం చెడ్డీలేసుకుని ఆడిన నేల–బండ ఆటే ఇది. వీళ్ళు దానికి బూట్లు తొడిగారు. ఆ బూట్లయినా కాలికి సరిపడా కొనరు. వేళ్ళు లోపల ముడుచుకుంటేనే రాతిమీద పాదం నిలుస్తుందట. రెండు నిమిషాలు ఎక్కడం, పది నిమిషాలు బూట్లు విప్పుకుని వేళ్ళు నిమురుకోవడం.

నడుముకు ఒక సంచీ. అందులో తెల్లటి పొడి, మెగ్నీషియం కార్బొనేట్. చేతుల చెమట పీల్చడానికి. పక్కింటి అవ్వ దాన్ని చూసి, "ముగ్గుపిండి ఎంతకు తెచ్చినవ్ కొడుకా?" అంది. అతను ఫోన్లో దోస్తుతో "నా బీటా ఎట్లున్నదిరా?" అంటుంటే విని, పెళ్ళికాని కొడుక్కు బేటా ఎక్కణ్ణుంచి వచ్చాడని తల్లి మంచంలో కూలబడింది. ఏ చేయి ఎక్కడ వేయాలి, ఏ కాలు ఎక్కడ పెట్టాలి అనే వరసనే బీటా అంటారని నచ్చజెప్పేసరికి పొద్దుగూకింది.

ఇతను విద్య నేర్చింది ఖాజాగూడ గ్రానైటు గుండ్ల మీద. "250 కోట్ల ఏండ్ల రాళ్ళు" అని, తనే దగ్గరుండి పేర్పించినట్టు చెబుతాడు. మాది బొగ్గు నేల, ఇక్కడ ఇసుకరాయి. దానికీ సమాధానం ఉంది: పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లోలోనూ ఇసుకరాళ్ళేనట, ఎక్కడానికి దేశదేశాల వాళ్ళు వస్తారట. "ఆడ గూడ మేకలు మేపుతరా?" అని తల్లి అడిగింది. అడగక ఏం చేస్తుంది? ఇతను గుండు నడుమ వేలాడుతుండగా, వెనకవైపు నుంచి ఎక్కిన మేక శిఖరమ్మీద నిలబడి ఆకులు నములుతోంది మరి.

ఒక్కటి మెచ్చుకోవాలి. గాంధారి ఖిల్లాకు తీసుకుపోతే కోట రాళ్ళ మీద చేయి వేయలేదు. వాన పడితే రెండు రోజులు ఏ గుండునూ ముట్టడు. తడిసిన ఇసుకరాయికి బలం తగ్గుతుంది, పట్టు విరుగుతుందంటాడు. తండ్రి మొదటిసారి తలూపింది అప్పుడే. "నీళ్ళు కారే కప్పును నమ్మద్దు," అన్నాడు.

ఆ తండ్రి ముప్పై ఏళ్ళు బొగ్గుబాయి దిగి రిటైరైనవాడు. గుండు ముందు చెట్టు నీడన కూర్చుని మూడు రోజులు చూశాడు.

"ఏడికి పోతున్నవ్ బిడ్డా?"

"ఆ కొసకు, బాపూ."

"నడిచిపోతే?"

కొడుకు జవాబివ్వలేదు. చేతులకు పొడి రాసుకున్నాడు.

"ఇది వి-3 బాపూ. గ్రేడ్."

"మాకు కేటగిరీ పెరిగితే బేసిక్ పెరిగేది. నీకేం పెరుగుతది?"

"చేతుల తోలు."

నాలుగో రోజు కొడుకు ఒక పట్టును వేలితో తట్టి చూసి చేయి వేయబోతుంటే, తండ్రి కూర్చున్నచోటి నుంచే కేకేశాడు: "డొల్ల పలికింది, పట్టకు!" వాడు పట్టాడు. పట్టు చేతికొచ్చింది, మనిషి పరుపు మీదికొచ్చాడు.

తండ్రి లేచాడు. బాయిలో కప్పు తట్టి చూసినట్టు, చేతికర్రతో గుండును ఆ కొస దాకా తట్టుకుంటూ పోయాడు. గట్టిగా పలికినచోట 'పట్టు', గుల్లగా పలికినచోట 'విడువు'. కొడుకు ఆ వరసనే పాకాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి కాలు నేలకు తగలకుండా ఆ కొసన తేలాడు. ఇంటికొచ్చి తల్లితో, "బాపు బీటా చెప్పిండు" అంటే, ఈసారి ఆమె హడలిపోలేదు.

అప్పట్నుంచి కొడుకు ఎప్పుడొచ్చినా ఇద్దరూ కలిసే పోతున్నారు. పరుపు మోసేది కొడుకు, రాయి తట్టేది తండ్రి. గ్రేడు దగ్గర మాత్రం రాజీ కుదరలేదు. కొడుకు వి-3 అంటాడు. తండ్రి కేటగిరీ-2 కంటే ఒక్క మెట్టు కూడా ఎక్కువ ఇవ్వనంటున్నాడు.