బాతుల చీటీకి బాలబోధిని

మూలం

మంజీర. ఫిబ్రవరి చివరి ఆదివారం, పొద్దున 6.30. పట్టెతల బాతులు 40. సూదితోక బాతులు 200 పైన. మోదుగు మీద గులాబీ గోరింకలు, చాలా. గద్ద 1, ఏదో తెలియలేదు. కోకిల వచ్చింది.

ప్రతిపదార్థం

మంజీర = సంగారెడ్డి చెంత 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన జలాశయము, మొసళ్ళకు నెలవు; హైదరాబాదువారి కుళాయిలకు వచ్చు నీటిలో కొంత ఇందలిదే. పొద్దున 6.30 = ఆరున్నరకు; అనగా ఇల్లు కదలినది నాలుగున్నరకనియు, ఇంటిల్లిపాదికి నిద్రాభంగమయ్యెననియు ధ్వని. పట్టెతల బాతులు = తెల్లని తల వెనుక రెండు నల్లని పట్టెలు గలవి. 40 = ఉజ్జాయింపు; సున్నతో ముగియు సంఖ్యలన్నిటికిని ఇదే అర్థమని సంప్రదాయజ్ఞులు. 200 పైన = లెక్క సగములో ఉండగా బాతులు లేచిపోయినవి. చాలా = లెక్కపెట్టుట మానుకొనిరి.

తాత్పర్యం

వేకువనే వెళ్ళి, పక్షులను చూచి, దారిలో టీ త్రాగి వచ్చెనని భావము. (టీ మూలమున లేదు, అధ్యాహారము.)

విశేషాలు

'చాలా' అన్నందుకు తప్పు పట్టకూడదు. ఆకు రాల్చిన మోదుగు నిండా పూలు, ఒక్కో రెమ్మకు నాలుగైదు గోరింకలు. తలా రెక్కలూ నలుపు, వీపూ పొట్టా గులాబీ. పువ్వులో ముక్కు దూర్చి తేనె తాగి, నుదుటికి పుప్పొడి పూసుకుని పక్క పువ్వుకు పోతుంది. అరుపులు సరే సరి. ఇదే గుంపు జొన్నచేను మీద వాలితే రైతు వడిసెల అందుకుంటాడు. ఏప్రిల్ దాటితే వెతికినా దొరకవు. మధ్య ఆసియా గడ్డిమైదానాలకు పోయి మిడతలు తింటూ పిల్లలను పెడతాయి.

'ఏదో తెలియలేదు': చీటీ మొత్తంలో కళ్ళు మూసుకుని నమ్మదగిన వాక్యం ఇదే. ఎదురెండలో గద్దలన్నీ నల్లగానే ఉంటాయి. 1931–32లో సాలిం అలీ నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేసిన నాడు అనుమానం వస్తే తుపాకీ ఉండేది, పక్షిని కొట్టి చేతిలోకి తీసుకుని తేల్చేవారు. ఇప్పుడు కెమెరాతో కొడతారు, ఇంటికొచ్చి ఆ ఫొటో మీద వాదించుకుంటారు. గద్దకు ఈ పద్ధతే నయం.

'కోకిల వచ్చింది': ఇక్కడ ఆక్షేపం. ఎక్కడినుంచి వచ్చింది? చలికాలమంతా అదే రావిచెట్టులో పండ్లు తింటూ కూర్చునే ఉంది, నోరు మెదపలేదంతే. కూసేది నల్లటి మగది. పక్కనే గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉన్న ఆడదాన్ని చూసి కూడా మనవాళ్ళు కోకిల అనుకోరు. మావిచిగురు తిని గొంతు విప్పిందని కవులు తేల్చేశారు గానీ, దాని ఆరాటమంతా జతకోసం, ఆ తరువాత కాకిగూటికోసం. కనుక 'వచ్చింది' అన్నచోట 'అరిచింది' అని చదువుకోవాలి.

నిజంగా వచ్చి, నిజంగా పోయేవి బాతులు. పట్టెతలవి హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా సరస్సులకు పోతాయి. ట్రాన్స్‌మిటర్ కట్టి చూస్తే కొన్ని 7,000 మీటర్ల పైన ఎగిరినట్టు తేలింది. ఇంత ప్రయాణానికీ చీటీలో ఒక్క క్రియాపదం లేదు. మొదటి బాతు కనబడిన రోజును ఎర్రసిరాతో రాసుకుంటారు. చివరిసారి చూస్తున్నామని ఆ రోజున ఎవరికి తెలుస్తుంది? తరువాత పాత చీటీలు తిరగేసి, ఏ ఆదివారం తరువాత కనబడలేదో చూసి, ఆ తేదీకి వెనక్కి వెళ్ళి 'చివరి' అని చేర్చాల్సిందే.

మరుసటి ఆదివారానికి చీటీయే లేదు. బాతులు వెళ్ళిపోయినవి గనుక అని ప్రాచీనులు; వ్రాయువాడు నిద్ర లేవలేదు గనుక అని నవీనులు. రెండవ మతమునకు అతని ఇంటివారి సాక్ష్యము కలదు.