డాక్టరుగారి చీటీకి టీకా తాత్పర్యములు

మూలము: "నూనె తగ్గించండి. కూరలు పెంచండి. మూడు నెలల తర్వాత రండి."

అవతారిక: ఏబదేండ్లు దాటిన గృహస్థుడొకడు, రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ అను చెడ్డ కొలెస్ట్రాలు 168 అని రాగా కంగారుపడి వైద్యుని ఆశ్రయించెను. బయట బెంచీ నిండియుండుటచే ఆయన శాస్త్రమంతయు మూడు వాక్యములలో కుదించి చీటీపై గిలికెను. ఆ దస్తూరి చదివి చెప్పిన మందుల షాపు కుఱ్ఱవాడే దీనికి ప్రథమ వ్యాఖ్యాత.

ప్రతిపదార్థము: నూనె = మూకుడులో కనబడునదియు, పచ్చడిలో దాగునదియు; తగ్గించండి = కొలిచి పోయుడు; కూరలు = కాయలు, ఆకులు; పెంచండి = అన్నము తగ్గించి ఆ చోట వడ్డించుకొనుడు; మూడు నెలల తర్వాత = "అన్నాళ్లూ మానక" అని అధ్యాహారము; రండి = పరగడుపున రక్తమిచ్చి రండి.

విశేషములు: "ఏమోయ్, డాక్టరు నూనె అన్నాడు గానీ నెయ్యి అనలేదుగా" అని గృహస్థుని పూర్వపక్షము. ఆ పూటనే ముద్దపప్పులో గరిటెడు నెయ్యి పడినది. ఈ పూర్వపక్షము నిలువదు. నేతిలో సగమునకు మించి సంతృప్త కొవ్వే. ఎల్‌డీఎల్‌ను పెంచుటలో దానికే పెద్దపీట. ఇల్లాలి మతము వేఱు. ఆమె నేతిగిన్నెను అటకెక్కించినది గాని, ఆవకాయ జాడీలో ముక్కలపై రెండంగుళములు నిలిచిన నూనెను లెక్కలోనికి తీసికొనలేదు.

లెక్క యెంత? హైదరాబాదు, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 మార్గదర్శకములలో, రెండువేల కేలరీల భోజనమునకు వంటనూనెలు, కొవ్వులు కలిపి రోజుకు 27 గ్రాములన్నారు. అనగా టీచెంచాతో ఆఱు. నలుగురున్న యింట నెలకు మూడున్నర లీటర్లు. ఈ పద్దులోనే పోపు, పెసరట్టు చుట్టూ వేయు చుక్కలు, సాయంత్రపు పునుగులు. చిక్కంతయు మన వంటలోనే ఉన్నది. గుత్తివంకాయ ఉడికినదనుటకు గుర్తేమి? "నూనె పైకి తేలాలి." ఆఱు చెంచాలను మూడు పూటలకు పంచినచో తేలుటకు మిగులునదేది? కావున ఆ గుర్తును విడిచి, వంకాయను గరిటెతో నొక్కి చూచుకొనవలెను.

ప్యాకెట్టుపై గుండె బొమ్మ ప్రక్కన "కొలెస్ట్రాల్ లేదు" అని యుండు పాఠము ప్రక్షిప్తము. వేరుసెనగలోగాని పొద్దుతిరుగుడులోగాని అది చెప్పుకోదగినంత ఏనాడూ లేదు. మా చెఱువులో తిమింగిలములు లేవని బోర్డు పెట్టుట వంటిది. ఏ నూనెయైనను గ్రామునకు తొమ్మిది కేలరీలు తప్పవు.

 

రెండవ సూత్రము మిక్కిలి అపార్థమునకు గుఱియైనది. కూరలు పెంచమన్నారని గృహస్థుడు దొండకాయ వేపుడు రెట్టింపు వడ్డించుకొనెను. సూత్రకారుని ఉద్దేశ్యము పీచు. చిక్కుడు, బెండ, బొబ్బర్లు మొదలగువానిలోని జిగురు పీచు పేగులలో పైత్యరసమును పట్టి బయటకు పంపును. కాలేయము మరల పైత్యము చేసికొనుటకు రక్తములోని కొలెస్ట్రాలును లాగికొనును. ఇంతటి ఉపకారమును నూనెలో వేయించి తినుట అన్యాయము.

ఇచ్చట సూత్రకారుని తప్పు పట్టక తీఱదు: అన్నము ఊసే యెత్తలేదు. పైన చెప్పిన తార్నాకవారు ధాన్యములన్నియు కలిపి, బియ్యముగా తూచి, రోజుకు సుమారు 250 గ్రాములు చాలునన్నారు. ప్రొద్దుటి ఇడ్లీ కూడ అందులోనిదే. మనవారు మధ్యాహ్నమొక్క పూటనే పప్పుతో ఒకసారి, చారుతో ఒకసారి, పెరుగుతో మఱొకసారి కొండలు కట్టుదురు. మితిమీఱిన అన్నము, చక్కెర, మద్యము రక్తములో ట్రైగ్లిజరైడ్లు అను కొవ్వుగా తేలును. నేతిచెంచాపై ఆలుమగలు యుద్ధము చేయుచుండగా అన్నపుగిన్నె మధ్యలో నిర్దోషివలె కూర్చుండును.

మూడవ సూత్రమునకు గృహస్థుడు చేసిన అర్థము: మూడు నెలలు గడువు ఉన్నది, చివరి వారము చూచుకొందము. అట్లే చూచుకొనెను. మిరపకాయ బజ్జీ, రాత్రి పెగ్గు మాని రాగిజావ త్రాగెను. ట్రైగ్లిజరైడ్లు కొన్ని నాళ్ల పథ్యమునకే లొంగును. ఎల్‌డీఎల్ దిగుటకు వారములు పట్టును. రిపోర్టులో మొదటి అంకె బాగుగా తగ్గినది, రెండవది దాదాపు ఉన్నచోటనే ఉన్నది. వైద్యుడు రెంటిని ప్రక్కప్రక్కన చూచి, కళ్లజోడు పైకి నెట్టి, "జావ ఎప్పట్నించండీ?" అని అడిగెను.