పెద్దమ్మ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: “ఏరా అబ్బాయ్, కార్లు చుట్టూ తిరుగుతుంటే చూడ్డానికి వానలో తెల్లవార్లూ అడవిలో కూచున్నావా? తిన్నావా?”

అవతారిక: జూన్ నెలాఖరు. కోనసీమలో ఆకుమడులు పోసే రోజులు. అమలాపురంలో పొద్దున్న ఏడున్నర, పెద్దమ్మ చేతిలో కాఫీ గ్లాసు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం వెలగబెడుతున్న చెల్లెలి కొడుకు వీడియో కాల్‌లో కనిపించాడు. వాడున్న చోట తెల్లవారుజాము నాలుగు. బెల్జియంలో స్పా-ఫ్రాంకోర్షాం అనే సర్క్యూట్, అక్కడ ఇరవై నాలుగు గంటల కార్ల రేసు. నెత్తిన టోపీ, ఒంటిమీద వానకోటు, చెవిలో ఏదో గొట్టం. అది చూసి పెద్దమ్మ పలికినది పై వాక్యం. మెదకు దగ్గర కొలిచారం నుంచి మల్లినాథసూరి పంచకావ్యాలకు వ్యాఖ్య రాసి వెళ్లిపోయాడు గనక, దీని భారం ఈ అల్పజ్ఞుడైన వ్యాఖ్యాత మీద పడింది.

ప్రతిపదార్థం. ఏరా అబ్బాయ్ = బట్టతల వచ్చినా, ఇద్దరు పిల్లల తండ్రైనా మారని సంబోధన. దీనికి “ఆయ్” అనడం తప్ప వేరే జవాబు లేదు.

కార్లు = ఫెరారీ, పోర్షె, లాంబోర్గినీ, ఆస్టన్ మార్టిన్ మొదలైనవి. షోరూములో అమ్మే స్పోర్ట్స్ కారునే రేసుకు తగ్గట్టు మార్చిన జీటీ3 జాతివి. ఒకేసారి అరవై పైచిలుకు బరిలో ఉంటాయి. ఒక్కో కారుకు ముగ్గురు నలుగురు డ్రైవర్లు. సుమారు గంటకోసారి కారు పిట్‌లోకి వస్తుంది, పెట్రోలు పోస్తారు, మనిషి దిగుతాడు, ఇంకో మనిషి ఎక్కుతాడు. మనిషికి నిద్ర ఉంది, కారుకు లేదు.

చుట్టూ తిరుగుతుంటే = ఇక్కడ పెద్దమ్మ పక్షాన కొంత న్యాయం ఉంది. ఒక చుట్టు 7.004 కిలోమీటర్లు. ధవళేశ్వరం బ్యారేజీలో మధ్యనున్న లంకల్ని వదిలేసి నాలుగు భాగాల కట్టడాన్నే కలిపితే మూడున్నర కిలోమీటర్ల పైమాటే. అటు వెళ్లి ఇటొస్తే ఇంచుమించు ఒక చుట్టు. ఆ కార్లు దాన్ని రెండు నిమిషాల ఇరవై సెకన్లకు అటూ ఇటూగా ముగిస్తాయి. తెల్లారి సాయంత్రానికి గెలిచే కారు ఐదొందల చుట్లకు అటూ ఇటూగా తిరిగి ఉంటుంది. అంటే రాజమండ్రి నుంచి ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చినంత, బయల్దేరిన చోటునుంచి కదలకుండా.

అయితే “చుట్టూ” అనగానే గానుగెద్దు తిరిగిన బాట అనుకోకూడదు. 1920లో దీన్ని గీసినప్పుడు ఫ్రాంకోర్షాం, మాల్మెడి, స్తావ్లో ఊళ్లను కలిపే మామూలు రోడ్లే ఇవి, చుట్టు పదిహేను కిలోమీటర్లుండేది. 1979లో సగానికి కుదించారు. అయినా కొండ కొండగానే ఉంది. అతి పల్లానికీ అతి మెరకకూ తేడా వంద మీటర్లు. డెల్టాలో పుట్టినవాడికి మెరక అంటే కాలవ గట్టు. అలాంటివాడు ఓ రూజ్ అనే చిన్న వాగు దగ్గర నిలబడితే, పైనుంచి జారినట్టు దిగిన కారు ఎడమకు, కుడికి విదిలించుకుని ఎదురుగా గోడలా లేచిన రెడియోన్ ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు డ్రైవరుకు కనపడేది ఆకాశమే, రోడ్డు కాదు. టీవీలో ఈ ఏటవాలు సగం చచ్చిపోతుంది. అబ్బాయి అంత దూరం వెళ్లినందుకు వ్యాఖ్యాత ఒప్పుకునే మొదటి కారణం ఇదే.

వానలో = ఆర్డెన్స్ కొండల వాన. లా సూర్స్ మలుపు దగ్గర చినుకులు, అవతలి కొసన పూహాన్ దగ్గర పొడి. ఈ చేలో కురిసి పక్క చేలో కురవని వాన మనకీ కొత్త కాదు గాని, అక్కడ దాన్నిబట్టి టైర్లు మార్చాలి. గీతల్లేని టైరుంచితే తడిలో జారుడు. గాళ్లున్న టైరు వేస్తే పొడిలో అరిగి పీలికలు. ఏ టైరు అన్నది తప్పితే పన్నెండు గంటల కష్టం ఒక్క చుట్టులో గంగపాలు.

తెల్లవార్లూ = వ్యాఖ్యాత ఎక్కువసేపు ఆగవలసిన పదం. రేసు శనివారం సాయంత్రం నాలుగున్నరకు మొదలు. మనకు రాత్రి ఎనిమిది, సీరియల్ వేళ. ఆదివారం మళ్లీ నాలుగున్నరకు పూర్తి. 1924లో మొదలైన ఈ జాగారం 2024లో నూరేళ్ల పండగ చేసుకుంది, ఆ ఏడు గెలిచింది ఆస్టన్ మార్టిన్. చీకటి పడ్డాక చూసేవాడికి దక్కేవి రెండు దీపాలు, బ్రేకు వేసినప్పుడు చక్రంలో ఎర్రగా కాలే డిస్కు, ఒక గర్జన. ఎవరు ముందో ఎవరు వెనకో కంటికి తెలియదు. అందుకే చెవిలో ఆ గొట్టం: రేడియోలో ఒకాయన ఎవరు ఏ స్థానంలో ఉన్నారో, ఎవరు పిట్‌కు వస్తారో, ఎందుకొస్తారో విడమర్చి చెబుతూంటాడు. టీకా లేని కావ్యం ఎంత అర్థమవుతుందో వ్యాఖ్య లేని ఈ రేసూ అంతే. (స్వజాతి అభిమానం వల్ల ఈ మాట కొంచెం గట్టిగా చెబుతున్నాం.)

పెద్దమ్మకు ఇది కొత్త విద్యా కాదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలను ఊరి పందిట్లో రాత్రంతా చూసిన తరం ఆవిడది. ఆ జంటలో చెళ్లపిళ్ల వారు పుట్టింది కడియంలోనే. జనం చాప పరుచుకుని, పడక సీను దాకా మెలకువగా ఉండి, తర్వాత కునుకు తీసి, రాయబారానికి పక్కవాళ్లు తట్టి లేపితే లేచి వన్స్‌మోర్ అనేవారు. అబ్బాయి చేస్తున్నదీ అదే. మడత కుర్చీలో కునుకు, తెల్లారాక రేసు చివరి నాలుగు గంటలకు మెలకువ.

అడవిలో = అక్షరాలా. చౌక టికెట్టు వాళ్లంతా చెట్ల మధ్య దారుల్లో బురద తొక్కుకుంటూ ఒక మలుపు నుంచి ఇంకో మలుపుకు నడుస్తారు.

తిన్నావా = ఆలుగడ్డ వేపుడు పొట్లం, పైన మయొనైజ్. బెల్జియంలో ఇదే ప్రసాదం. పెద్దమ్మ దీన్ని భోజనంగా అంగీకరించలేదు.

తాత్పర్యం: పెద్దమ్మ రేసును తిట్టలేదు, అబ్బాయి జ్వరం తెచ్చుకుంటాడని బెంగపడింది.

విశేషం: మన దగ్గర ఇంత జాగారం లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా-ఇ రేసు గంట తిరక్కుండానే అయిపోయింది, మరుసటి ఏడాది రేసు రద్దయింది. ఇక స్పాలో మనవాడనదగ్గ పేరు కావాలంటే సికింద్రాబాదులో పుట్టిన నటుడు అజిత్ కుమార్ ఉన్నాడు. గొల్లపూడి మారుతీరావు పూర్తిచేసిన “ప్రేమ పుస్తకం”తో తెలుగు తెరకు పరిచయమైన మనిషి. 2025 ఏప్రిల్‌లో ఇదే సర్క్యూట్‌లో పన్నెండు గంటల రేసులో అతని జట్టు తన తరగతిలో రెండో స్థానం తెచ్చుకుంది.

పాఠాంతరం: భీమవరం ప్రతుల్లో “తిన్నావా” బదులు “ఇంతకీ ఎవడు గెలుస్తాడు?” అని ఉంది. ఇది బాబాయి చేర్చిన పాఠం. అబ్బాయి వివరించాడు: మొత్తం మీద గెలిచేవాడు ఒకడు, గోల్డు తరగతిలో ఒకడు, సిల్వరులో ఒకడు, బ్రాంజిలో ఒకడు, అందరికీ కప్పులే. సంక్రాంతి బరి దగ్గర కొన్ని నిమిషాల్లో ఫలితం చూసి లేచిపోయే బాబాయికి ఇది నచ్చలేదు. “అంతమంది గెలిస్తే ఓడేదెవడ్రా?” అని అడిగి, జవాబు రాకముందే ఫోను పెద్దమ్మకిచ్చేశాడు.