పోలింగ్ గారు

ఫర్మ్‌వేర్ రాసే ఆఫీసు ఏదైనా సరే, అందులో ఒక పోలింగ్ గారుంటారు. ఎన్నికలతో ఈయనకేం సంబంధం లేదు. సీరియల్ పోర్టులోంచి ఒక్క అక్షరం పంపినా, అది గడప దాటేదాకా రిజిస్టర్ వైపు కన్నార్పకుండా చూసే బాపతు.

అమీర్‌పేటలో 8051 బోర్డు మీద అబ్బిన విద్య ఇది. ఎస్‌బఫ్‌లో అక్షరం పడెయ్, టీఐ ఫ్లాగు లేచేదాకా వైల్ లూపులో తిరుగు, ఫ్లాగు దించు, ఇంకో అక్షరం అందుకో. 11.0592 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, 9600 బాడ్. తర్వాత చిప్పులు మారాయి, ఆఫీసులు మారాయి, జుట్టు రంగూ మారింది. లూపు మాత్రం మారలేదు. ఎస్‌టీఎం32 చేతికిచ్చినా టైమవుట్ దగ్గర హాల్ మ్యాక్స్ డిలే అనే రాస్తారు. అంటే జవాబు రాకపోతే ప్రళయం దాకా కదలనని చిప్పు చేత ఒట్టేయించడమే.

మనిషీ అంతే. లిఫ్టు బటన్ నొక్కాక అంకెల మీంచి చూపు తిప్పరు. ఇంటికి ఫోన్ చేస్తే, “ఉండండి, పాలు పొంగుతున్నాయి” అని ఆవిడ వెళ్లిపోయినా, ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడతారు.

“సార్, స్టెప్పర్ మోటారు ఆగాగి తిరుగుతోందేంటి?” అని టెస్టింగ్ అమ్మాయి అడిగితే, “లాగ్ ప్రింటవుతోందమ్మా, అవ్వనీ” అంటారు. స్టార్టు, స్టాపు బిట్లతో కలిపి అక్షరానికి 10 బిట్లు. 9600 బాడ్‌లో 100 అక్షరాల లాగ్‌కి సుమారు 104 మిల్లీసెకన్లు. 16 మెగాహెర్ట్జ్ చిప్పుకి అవి 16 లక్షల పైచిలుకు సైకిళ్లు. అన్నీ గాడిదలు కాయడానికే!

ఈయనకి విరుగుడుగా దిగాడు డీఎంఏ కుర్రాడు. ఏం చెప్పినా “అయిపోయింది సార్” అంటాడు. నిజానికి అప్పుడే మొదలై ఉంటుంది. ఒకసారి లోకల్ బఫర్‌ని డీఎంఏకి అప్పజెప్పి, ఫంక్షన్‌లోంచి చక్కా బయటికొచ్చేశాడు. టెర్మినల్ మీద ‘టెంప’ దాకా బానే ఉంది, ఆపైన పిచ్చిరాతలు. పోలింగ్ గారు కళ్లజోడు సర్దుకున్నారు. “నువ్వేమో అద్దిల్లు ఖాళీ చేసేశావు నాన్నా. లారీవాడొచ్చి కొత్తగా దిగినవాళ్ల సామాను ఎక్కించుకుపోయాడు.”

ఆ మధ్య బోర్డు హార్డ్‌ఫాల్ట్‌లో పడింది. అక్కడికి యూఆర్టీ ఇంటరప్టుకి ప్రవేశం లేదు. కుర్రాడి లాగ్ అంతా రింగ్ బఫర్‌లోనే మూలుగుతోంది. ఫాల్ట్ హ్యాండ్లర్‌లో పోలింగ్ గారు రాసిపెట్టిన పాత లూపు మాత్రం, కోడ్ ఎక్కడ కూలిందో ఆ అడ్రసుని ఒక్కో అక్షరమే తాపీగా ప్రింట్ చేసింది. అప్పుడిక చేయాల్సిన పని వేరే ఏముంది గనక?

దాంతో రాజీ కుదిరింది. ఫాల్ట్ హ్యాండ్లర్ ఆయనది, మోటారు తిరిగేటప్పటి లాగ్ కుర్రాడిది. ఇప్పుడు మోటారు ఆగడం లేదు. పోలింగ్ గారే ఆసిలోస్కోపు ముందు కుర్చీ వేసుకుని, బఫర్‌లో వేసిన అక్షరాలు బయటికి వెళ్తున్నాయో లేదో ఒక్కొక్కటే చూసుకుంటున్నారు.